ఆడవాళ్ల రేసుకి కెమెరా లేదు, నేనున్నాను

ఈ ప్రయాణం మా వంటింట్లో మొదలైంది. మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో నేనూ ఫ్రాంజీ ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. నాది మాస్టర్స్ రెండో ఏడు, తనది ఫిజిక్స్. గుమ్మం దగ్గర నా చెప్పులు ఒక మూల, మిగతా గోడంతా తన స్కీలు. ఫ్రాంజీ స్లాలమ్ రేసర్. కొండవాలు మీద గట్టి మంచులో పాతిన ఎర్ర, నీలం కర్రల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ దిగే పోటీ అది. దాటాల్సిన ఒక్కో చోటునీ గేటు అంటారు. టీవీలో చూపించే పెద్ద రేసులకి ఒక మెట్టు కిందుండే అంతర్జాతీయ పోటీల్లో తను దిగుతుంది. ఈ చలికాలం మోకాలి దెబ్బతో రెండు నెలలు పోగొట్టుకుంది. మిగిలింది ఒకే ఒక్క రేసు. అందులో మొదటి ముప్పైమందిలో నిలిస్తే వచ్చే సీజన్ జట్టులో చోటు. లేకపోతే పేరు కొట్టేస్తారు. జట్టు లేకపోతే కోచ్ ఉండడు, శిక్షణకి మంచు దొరకదు, ఆట అక్కడితో సరి.

ఒక సాయంత్రం నేను పప్పు తాలింపు వేస్తుంటే వచ్చి అడిగింది. "ఆదివారం మా రేసుకి గేట్ జడ్జిలు చాలడం లేదట. నీకు కళ్లున్నాయి కదా?"

"కళ్లున్నాయి, కాళ్లే లేవు. మొన్న పోస్టాఫీసు ముందు మంచు మీద రెండుసార్లు పడ్డాను."

"నడవక్కర్లేదు, నుంచుంటే చాలు."

"నేను నీ ఫ్రెండ్‌ని, ఫర్వాలేదా?"

"ఆ ఊళ్లో ప్రతివాళ్లూ ఎవరో ఒకరికి అత్తో మామో. ఎవరూ అడగరు."

"శనివారం మగవాళ్ల రేసు ఉందన్నావుగా, దానికి జడ్జిలు దొరికారా మరి?"

"దానికా? ఎక్కువై కొందర్ని వెనక్కి పంపారు," అంది ఫ్రాంజీ, పచ్చడి సీసా మూత తీస్తూ. నాకు అక్కడే కోపం రావాల్సింది. తాలింపు మాడిపోతుంటే అటు చూశాను.

ఊరు ఆల్గాయ్ కొండల్లో ఉంది. పేరు రాయను. ఫ్రాంజీ వచ్చే ఏడు కూడా అక్కడే దిగాలి. వెళ్లాలనుకునేవాళ్లకి దారి చెప్తాను. మ్యూనిక్ నుంచి కెంప్టెన్ దాకా రైలు, అక్కడ మారి కొండల వైపు వెళ్లే చిన్న రైలు. మొత్తం రెండున్నర గంటలకి కాస్త అటూ ఇటూ. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు ఉంటే వేరే ఖర్చు లేదు. కానీ జడ్జిలు ఏడున్నరకల్లా కొండ కింద ఉండాలన్నారు. రైలుతో అది అయ్యే పని కాదు. అందుకని మా వీధిలోనే ఉండే స్వప్నక్కని బతిమాలాను. అక్కది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. జర్మనీ వచ్చి పదేళ్లు. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ చిరునామా నమోదుకి, అదే ఆన్మెల్డుంగ్ టెర్మిన్‌కి, తోడెళ్లేది ఆవిడే. ఫ్రాంజీ ముందు రోజే కోచ్ వ్యాన్‌లో వెళ్లింది. ఆదివారం ఉదయం ఐదింటికి మేమిద్దరం బయల్దేరాం. హైవే మీద లారీలు లేవు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. అక్క థర్మోస్ మూతలో టీ పోయమని చెయ్యి చాచింది.

"పైసలిస్తరా నీకు?"

"లేదక్కా, వాలంటీర్ని."

"ఆదివారం పొద్దుగాల లేసి, చర్చి మానుకొని, సలిల నిలవడనీకి, ఫ్రీగ? మీ అమ్మకు చెప్పినవా?"

"చర్చి మానేశానని మాత్రం చెప్పకక్కా."

ఏడుంబావుకి చేరాం. పార్కింగ్ రోజుకి ఆరు యూరోలు, మెషీన్ చిల్లర నాణేలే తీసుకుంటుంది. కొండ కింద చెక్క గుడిసెలో రేసు పెద్ద హెర్ మోసర్ జడ్జిలకి పని చెప్పాడు. చెప్పడం అంటే, గడియారం చూసుకుంటూ, ఆల్గాయ్ యాసలో, రెండు నిమిషాలు. నా జర్మన్ బీ-టూ పరీక్ష దాకా వచ్చింది, ఆ యాస దాకా రాలేదు. నంబరు, గేటు, బొమ్మ అన్న మూడు మాటలు పట్టుకున్నాను. చేతికి ఒక పచ్చ జాకెట్, ఒక పెన్సిలు, గళ్లున్న ఒక కార్డు ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. బూట్ల కింద బిగించుకునే ఇనుప పళ్లు అద్దెకి ఎనిమిది యూరోలు. ఐదు గేట్లు నావి. ఒక్కో అమ్మాయి రెండు స్కీల ముందుకొసలూ కర్రకి సరైన వైపు నుంచి వెళ్లాయో లేదో చూడాలి. ఒక స్కీ అటూ ఒకటి ఇటూ పోతే ఆమె రేసు పోయినట్టే.

వాలు మీద నా చోటికి ఎక్కాక పక్కన మంచులో మూడు గుంతలు కనిపించాయి. కెమెరా స్టాండు కాళ్లవి. పైకి వెళ్తున్న ఒక పెద్దాయన్ని అడిగాను, కెమెరా ఎక్కడని.

"నిన్నటివరకే అద్దె. ఇవాళ అమ్మాయిలే కదా."

ఆయన ఎగతాళిగా అనలేదు. అదే నాకు ఎక్కువ మండింది. బస్సు ఆదివారం లేదని చెప్పినట్టు చెప్పాడు. శనివారం ఒక్కో చోట ఇద్దరేసి జడ్జిలు, వెనక కెమెరా. ఆదివారం అదే కొండ, అన్నే గేట్లు, మంచు మీద మగవాళ్ల స్కీలు చేసిన గాడులు అలాగే ఉన్నాయి, జడ్జిని మాత్రం నేనొక్కదాన్నే. రేసులో ఒక్కొక్కరికి రెండు పరుగులు, మొదటిది అయ్యాక సూప్ కోసం దిగితే అక్కడా అదే కథ. నిన్న వాలంటీర్లకి కూపన్లుండేవట. ఇవాళ పెద్ద పొయ్యి వెలిగించనే లేదని, బంగాళాదుంప సూప్ ఐదున్నర యూరోలని చెప్పింది గరిటె పట్టుకున్నావిడ. "నాకూ నచ్చలేదమ్మా," అని రెండు రొట్టెముక్కలు ఎక్కువ పెట్టింది.

రేసు గురించి చెప్పాలి. మంచు మీద జారడమంటే హాయిగా తేలడమనుకునేదాన్ని. దగ్గర నుంచి చూస్తే అది కొట్లాట. ముందు చప్పుడొస్తుంది, గట్టి గుడ్డని నిలువునా చింపుతున్నట్టు. తర్వాత మోకాళ్ల కిందా పిడికిళ్ల మీదా కట్టుకున్న కవచాలతో కర్రల్ని టపటపా పడగొట్టుకుంటూ ఒక అమ్మాయి నా ముందు నుంచి పోతుంది. ముఖం కనిపించదు, ఊపిరి వినిపిస్తుంది. మైకు పట్టుకున్నాయన మాత్రం వాళ్ల చిరునవ్వుల గురించి చెప్తున్నాడు. కంచె దగ్గర నిలబడ్డ స్వప్నక్క నాకు ఫోన్ చేసింది.

"గా మైకాయన మాటలు ఇంటున్నవా? పిల్ల అరవై కర్రలు దాటొచ్చి ఊపిరాడక వంగి నిలవడితె, నవ్వు ముద్దుగున్నదంటుండు. టైం చెప్పు నాయినా, టైం!"

రెండో పరుగు సగంలో ఉండగానే కొందరు వచ్చి అంచున కట్టిన ప్రకటన బ్యానర్లు విప్పడం మొదలెట్టారు. సాయంత్రం ఏదో విందుకి కావాలట. పైన ఇంకా ఇరవైమంది అమ్మాయిలు మిగిలున్నారు. అప్పుడు ఫ్రాంజీ వచ్చింది, ఛాతీ మీద నలభై ఒకటో నంబరు. నా రెండో గేటు దగ్గర గాడిలో కాలు కొద్దిగా తడబడింది. లోపలి స్కీ కర్రని రాసుకుంటూ పోయింది. కానీ చూశాను. రెండు కొసలూ సరైన వైపే. మంచు మీద రెండు గీతలూ కర్రకి ఇవతలే ఉన్నాయి. తను దిగిపోయింది.

నేను చేసిన తప్పు ఇక్కడ. స్నేహితురాలు కాబట్టి వదిలేసిందని రేపు ఎవరైనా అంటే? ఇంటర్ రెండేళ్లూ మాకు ఒకటే నూరిపోశారు. జవాబు ఒక్కటే రాస్తే చాలదు, స్టెప్పులు చూపించాలి, స్టెప్పులకే మార్కులు. నేను చూపించాను. కార్డు మీద నలభై ఒకటి అని రాసి, గేటు నంబరు వేసి, కర్రని, దాని పక్కన రెండు స్కీల జాడల్ని జాగ్రత్తగా గీసి, పక్కన టిక్కు పెట్టాను. ఎవరు చూసినా ఒప్పుకునే బొమ్మ. పరుగు అయిపోగానే ఒకాయన స్కీల మీద దూసుకొచ్చి కార్డు లాక్కుని కిందికి పోయాడు. "ఆగండి" అన్న నా మాట గాలిలోనే ఉండిపోయింది.

పది నిమిషాల తర్వాత లౌడ్ స్పీకర్లో వినిపించింది. నలభై ఒకటో నంబరు, గేటు తప్పినందుకు, రద్దు.

ఆ వాలు మీద కూర్చుని, నడిచి, జారి ఎలా దిగానో నాకే తెలీదు. ఫలితాల బోర్డు ముందు ఫ్రాంజీ హెల్మెట్ తియ్యకుండా నిలబడి ఉంది.

"అది నీ గేటే కదా?" అంది. "నా కాలు తడబడింది. తప్పానా? నిజం చెప్పు."

"తప్పలేదు. రెండూ సరిగ్గా వెళ్లాయి. బొమ్మ కూడా గీశాను."

"బొమ్మా? ఎందుకు?" అంటూనే తనకి అర్థమైపోయింది. "సుహా, ఆ కార్డు మీద తప్పిన వాళ్ల నంబర్లే రాస్తారు. నంబరుంటే తప్పినట్టే."

పక్కనే ఉన్న స్వప్నక్క నెత్తి పట్టుకుంది. "స్టెప్పులు రాసినవా? ఇంటర్ పరీక్ష అనుకున్నవానే? సరే తియ్, ఏడ్వకు. ఇంకెంత టైమున్నదో అడుగు."

బోర్డు మీద జాబితా పెట్టాక అభ్యంతరం చెప్పడానికి పదిహేను నిమిషాలిస్తారు. అందులో ఏడే మిగిలాయి. ఫ్రాంజీ కోచ్ వ్యాన్ దగ్గర సామాను కడుతుంటే అక్క పరిగెత్తి లాక్కొచ్చింది. గుడిసెలో బల్ల వెనక తీర్పు చెప్పే ముగ్గురున్నారు. హెర్ మోసర్, ఒక కుర్రాయన, తెల్లజుట్టు ఫ్రావ్ కోబర్. కోచ్ అభ్యంతరం కాగితం ఇచ్చాడు. నేను ఉన్నది చెప్పాను.

"కార్డు మీద నంబరుంది. సంతకం మీదే," అన్నాడు మోసర్.

"బొమ్మ చూడండి. టిక్కు చూడండి."

"తప్పు లేకపోతే ఎవరైనా రాస్తారా? మీరు ఆమెతో ఒకే ఇంట్లో ఉంటారట కదా?"

"అవును. అందుకే రాశాను. నామీద నమ్మకం లేకపోతే వీడియో చూడండి."

"వీడియో లేదు."

"ఎందుకు లేదు?" అన్నాను. జవాబు నాకు పొద్దున్నే తెలుసు. ఆయన నోటి నుంచి రావాలని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నాడు. కుర్రాయన పెన్ను మూత చూసుకున్నాడు. నిన్న ఇదే గొడవ వస్తే రెండు నిమిషాల్లో తెర మీద తేలిపోయేది. ఇవాళ ఒక అమ్మాయి మోకాలు, చలికాలం, వచ్చే ఏడు, అన్నీ నా పెన్సిలు గీత దగ్గర ఆగిపోయాయి.

ఫ్రావ్ కోబర్ కార్డుని వెలుతురుకి పట్టి చూసింది. "నేను ముప్పై ఏళ్లు గేట్ల దగ్గర నిలబడ్డాను," అంది. "ముప్పై ఆరో నంబరు మీ ముందు ఏం చేసింది?"

"ఎడమచేతిలోని ఊతకర్ర పోగొట్టుకుంది. నా మూడో గేటు దాటాక."

"ముప్పై తొమ్మిది?"

"నా దాకా రాలేదు. పైన పడిపోయి, అంచు వెంట నడుచుకుంటూ దిగింది. ఏడుస్తోంది."

"నలభై మూడు?"

"నాలుగో గేటు దగ్గర వెనక్కి వాలి చెయ్యి మంచుకి ఆన్చింది. లేచింది. గేటు తప్పలేదు. అందుకే రాయలేదు." "ఆమె నా ఫ్రెండ్ కాదు కాబట్టి బొమ్మా గీయలేదు," అన్నాను.

ఆవిడ తన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకుంది. కార్డు మోసర్ వైపు జరిపి, "ఈ గీతలు రెండూ కర్రకి ఇవతలే ఉన్నాయి. ఈ పిల్ల చూసింది. అంత శ్రద్ధగా మనమెవరం చూడలేదు ఇవాళ," అంది. కుర్రాయన తలూపాడు. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. రద్దు కొట్టేశారు. ఫ్రాంజీది ఇరవై ఆరో స్థానం.

బయట ఫ్రాంజీ హెల్మెట్ తీసి మంచులో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. అప్పుడే మైకు పలికింది. గేట్ జడ్జి పొరపాటు వల్ల ఫలితం సవరించడమైనదని. అంతే. ఒక్క జడ్జిని, మొదటిసారి వచ్చినదాన్ని, రెండు నిమిషాల పాఠంతో పంపించామని చెప్పలేదు. కెమెరా ముందు రోజే వెనక్కి ఇచ్చేశామని చెప్పలేదు.

"ఆల్ల తప్పు మింగిండ్రు, నీది మైకుల చదివిండ్రు," అంది స్వప్నక్క. "నడువు, ఏమన్న తిందాం."

స్టేషన్ దగ్గర హోటల్లో చీజ్ కలిపిన ష్పెట్సలె, అంటే అక్కడి నూడుల్స్, తిన్నాం, ప్లేటు పన్నెండున్నర యూరోలు, ఇద్దరికి సరిపోతుంది. అక్క తన డబ్బాలోంచి కారప్పొడి తీసి మూడు ప్లేట్ల మీదా చల్లింది. ఫ్రాంజీ మాతోనే కార్లో వచ్చింది. కెంప్టెన్ దాటకముందే నా భుజం మీద నిద్రపోయింది. మూడు వారాల తర్వాత జట్టు జాబితా వచ్చింది. ఆమె పేరు ఆఖరి నుంచి రెండోది. తను గంతులేసింది, నేనూ వేశాను. కానీ ఆ గుడిసె గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నా పొరపాటు నాదే, కాదనను. ఆ పొరపాటు ఒక అమ్మాయి ఆటని మింగేయగలిగేంత దగ్గరకి వచ్చిందంటే, దాన్ని ఆపడానికి అక్కడ ఉండాల్సినవన్నీ ముందే ఇంటికి పంపించేశారు కాబట్టి. "అమ్మాయిలే కదా" అన్న మాటలో కోపం లేదు, ద్వేషం లేదు. అందుకే అది అంత సులువుగా ప్రతి ఏడూ జరిగిపోతుంది. నేను కెమెరా గురించి ఆ క్లబ్బుకి ఉత్తరం రాశాను, స్టెప్పులన్నీ చూపించి. జవాబు రాలేదు. వచ్చే చలికాలానికి నా పేరు మళ్లీ ఇచ్చాను, ఈసారి స్వప్నక్క పేరుతో కలిపి. ఒక చోట ఇద్దరం ఉంటాం.

మీరూ ఇలాంటి రేసుకి వాలంటీరుగా వెళ్తే మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఇనుప పళ్లు సొంతంగా తెచ్చుకోండి, కార్డు మీద తప్పినవాళ్లని తప్ప ఎవర్నీ రాయకండి, సంతకం పెట్టేముందు "నిదానంగా మళ్లీ చెప్పండి" అని అడగండి. వాళ్లు గడియారం చూసుకున్నా సరే, అడగండి.