వంక గట్టున వదిన చెప్పిన కెమిస్ట్రీ

మా వదిన పోయిందన్న కబురు రెండు వారాల కిందట పొద్దున్నే ఫోన్లో వచ్చింది. మా అన్న కొడుకు చేశాడు. "అత్తా, అమ్మ పోయిందత్తా. కాఫీ తాగింది. 'ఈ పొద్దు చక్కెర సరిపోయిందిరా' అనింది. లోటా కింద పెట్టింది. అంతే" అన్నాడు. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది. కాఫీలో చక్కెర తగ్గిస్తున్నారని ఆ ఇంట్లో ఆమె పదేళ్ళుగా పోట్లాడుతోంది. చివరికి గెలిచే పోయింది. ఆ తర్వాత కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

వదిన మడకశిర పక్క పల్లెలో పుట్టింది. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు. పి.యు.సి.లో అన్నీ పాసై ఒక్క కెమిస్ట్రీలో తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. ఆ ఒక్క పేపరు మిగిలి ఉండగానే పెళ్ళై, సోమందేపల్లెలో మా ఇంటికి కోడలిగా వచ్చింది. అన్నకు గుంతకల్లులో ఉద్యోగం. అక్కడ ఇల్లు దొరికేదాకా ఆమె మా దగ్గరే ఉంది.

అది అరవైల్లో మాట. వానలు మొహం చాటేసిన ఏళ్ళు. ఆ మార్చిలో నేనూ పి.యు.సి. రాసి, నేనూ కెమిస్ట్రీలోనే తప్పాను. ఫలితం తెలిసిన రోజు అమ్మ నా పుస్తకాలు మూటగట్టి అటక మీద పడేసింది. వదిన మాత్రం నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "అబ్బ, నాకు జత దొరికినావు కదే పాపా!" అంది. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వాను.

నాయన నన్ను పిలిచి తేల్చి చెప్పాడు. "సెప్టెంబరులో ఇద్దరూ రాయండి. ఇదే ఆఖరు. ఈసారి తప్పితే నీకు సంబంధాలు చూస్తా. కోడలు కూడా ఇంక చదువు మాట ఎత్తకూడదు." తలుపు వెనక నిలబడి వదిన వింటోంది. మామ ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు మా ఇళ్ళలో లేదు. ఆమె చెప్పాల్సినవి నేను చెప్పేదాన్ని. పాసైతే ట్రైనింగులో చేరి పంతులమ్మ కావాలని ఆమె కోరిక. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చదవడం మొదలుపెట్టాక నాకు ఆశ్చర్యం వేసింది. ఆమెకు రానిదంటూ ఏమీ లేదు. నాకు సమీకరణాలు తుల్యం చేయడం ఎప్పుడూ కుదిరేది కాదు. "దీంట్లో ఏముండాది పాపా?" అంది. "జాతరకు ఎంతమందిమి పోయినామో అంతమందిమీ ఇల్లు చేరాల. పోయేటప్పుడు ఒకరి పక్కన కూచుంటారు, వచ్చేటప్పుడు ఇంకొకరి పక్కన. జతలు మారొచ్చు గాని, మనిషి తప్పిపోకూడదు. తలకాయలు లెక్కబెట్టుకో." అంతే, ఆ రోజు నుంచి నాకు ఒక్క సమీకరణమూ తప్పలేదు. ఉత్ప్రేరకం అంటే పెళ్ళి కుదిర్చే మనిషట. "వాళ్ళిద్దరినీ కలుపుతాడు. వాడేమైనా మారతాడా? భోజనం చేసి ఇంకో ఇంటికి పోతాడు." బాయిల్ సూత్రానికి హిందూపురం బస్సు. "జనం అంతే, బస్సు చిన్నది. మోచేయి డొక్కలో పొడవకుండా యాడికి పోతాది?"

మరి ఎందుకు తప్పింది? జవాబు ఇంగ్లీషులో రాయాలి. అక్కడ ఆమెకు చెయ్యి బిగుసుకుపోయేది. నాకు ఇంగ్లీషు భయం లేదు. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఆమె తెలుగులో చెబుతుంది, నేను ఇంగ్లీషులో ప్రశ్న వేస్తాను, ఆమె ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. "ద వేలెన్సీ ఆఫ్..." అని మొదలుపెట్టి ఆగిపోయేది. "తప్పు చెప్తే ఎవరో నవ్వుతాండారు అనిపిస్తాది పాపా. ఎవరూ ఉండరు. అయినా అనిపిస్తాది." పరీక్ష దగ్గరపడినా ఆ ముడి విడలేదు.

అనంతపురం కాలేజీలో పరీక్ష మధ్యాహ్నం. పొద్దున మొదటి బస్సుకు నాయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. ముందు రాత్రి ఉరుములు వినిపించాయి గాని మా ఊళ్ళో నాలుగు చినుకులే పడ్డాయి. పెనుకొండ దాటి కొంత దూరం పోయాక బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా వంక పారుతోంది. పైన ఎక్కడో గట్టి వాన కురిసింది. ఎర్రటి నీళ్ళు కంపచెట్లను తోసుకుంటూ పోతున్నాయి.

జనమంతా దిగి నీళ్ళ దగ్గరికి పరుగెత్తారు. కోపంతో కాదు. ఒక ముసలాయన గొంగడి పక్కన పడేసి, దోసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఆయన భార్య కొంగుముడి విప్పి కుంకుమ తీసి నీళ్ళలో వదిలింది. ఇద్దరూ గొర్రెలు కాచుకునేవాళ్ళు. "వంక తడిసి ఎన్నేండ్లాయెనో! మా గొర్రెలు బతికినాయి పోమ్మా" అని ఆమె నా బుగ్గలు పట్టుకుంది. నేనెందుకు ఏడుస్తున్నానో ఆమెకు తెలియదు. ఊరంతటికీ పండగ, మా ఇద్దరికీ పరీక్ష పోయింది.

"ఏడిస్తే వంక తగ్గుతాదా? కూచో" అంది వదిన. కల్వర్టు రాయి మీద నన్ను కూర్చోబెట్టింది. "మొదటి నుంచి చూసుకుందాం. అడుగు."

అడిగాను. రెండో ప్రశ్నకే చుట్టూ జనం చేరారు. "ఏమమ్మా, ఏం చదువు అది?" అన్నాడు ముసలాయన.

"పరమాణువులు తాతా. ఒక్కోదానికి కొన్ని చేతులుంటాయి. చేతులన్నీ పట్టుకుంటేగాని నిమ్మళంగా ఉండవు" అని, ఏమనిపించిందో లేచి నిలబడింది. "నువ్వూ అవ్వా పక్కపక్కన నిలబడండి. ఇద్దరికీ కలిపి నాలుగు చేతులు. మీరు ఒక కార్బన్. కండక్టరన్నా, నువ్వు హైడ్రోజన్. నీకు ఒకే చెయ్యి. ఆ సంచి రెండోదాంట్లో పట్టుకో." ఇంకో ముగ్గురిని లాగింది. నాలుగు చేతులకూ నలుగురు దొరికారు.

"నా పెండ్లామూ నేనూ ఒకటేనని ఈ పొద్దు తెలిసె!" అన్నాడు ముసలాయన. వంక మోతను మించి నవ్వులు. అవ్వ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని చెయ్యి వదల్లేదు.

"వాట్ ఈజ్ దిస్ కాంపౌండ్?" అని నేను అరిచాను.

"మీథేన్!" అంది వదిన. అక్కడితో ఆగలేదు. ఒక్కొక్కరి భుజం తడుతూ, కార్బన్ వేలెన్సీ ఎందుకు నాలుగో, హైడ్రోజన్‌కు ఎందుకు ఒకటో ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు, ఆక్సీకరణం అన్నీ వచ్చాయి. గ్రామర్ అక్కడక్కడా తప్పింది. ఆమె పట్టించుకోలేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు, నవ్వేవాళ్ళంతా సంతోషంతో నవ్వుతున్నారు.

అప్పుడు చూశాను, నాయన గుంపు వెనక నిలబడి ఉన్నాడు. కోడలి గొంతు ఆయన అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. వదినకూ అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చటుక్కున ఆగి కొంగు సర్దుకుంది. నాయన గొంతు సవరించుకుని, "ఆపుతావేంది? చెప్పమ్మా" అన్నాడు.

ఎండ ఎక్కేకొద్దీ నీళ్ళు తగ్గాయి. అవతలి గట్టున అనంతపురం నుంచి వచ్చిన బస్సు ఆగి ఉంది. రెండు బస్సుల కండక్టర్లూ కేకలేసుకుని ఒక మాటకు వచ్చారు. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు నడిచి దాటి బస్సులు మారాలి. ముసలాయన కర్రతో లోతు చూస్తూ ముందు దిగాడు. మేమంతా చేతులు పట్టుకుని వెనకే దిగాం. పుస్తకాలు నా నెత్తిన. మోకాళ్ళు దాటి నీళ్ళు. నడుమ వదిన కాలు జారింది. నాయన ఒక్క క్షణం తటపటాయించి, చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టు చేరేదాకా వదల్లేదు.

మేము కాలేజీకి చేరేసరికి పరీక్ష మొదలైపోయింది. తడిసిన చీరలతో గుమ్మంలో నిలబడ్డాం. పరీక్ష హాలు చూసుకునే పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి, "ఏమిది?" అన్నాడు. "వంక వచ్చింది సార్, పెనుకొండ దగ్గర" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "వంక వచ్చిందా? బాగా పారతాండాదా?" అని అడిగాడు. పారుతోందన్నాం. "పోండి పోండి, కూచోండి, రాసుకోండి" అన్నాడు.

నేను పాసయ్యాను. వదిన కూడా పాసైంది, నాకంటే మంచి మార్కులతో. ఆ తేడా గురించి బతికినన్నాళ్ళూ నన్ను ఆటపట్టించింది. ట్రైనింగు చేసింది, పంతులమ్మ అయింది, రిటైరయ్యేదాకా పిల్లలకు సైన్సు చెప్పింది. పిల్లలు తప్పు చెబితే, "తప్పైతే తప్పైంది, గట్టిగా చెప్పు" అనేదట. ఆమె దగ్గర చదివిన ఒకాయన మొన్న కర్మల నాడు ఈ మాట చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

నా కళ్ళలో మాత్రం పరీక్ష అయిన ఆ సాయంత్రమే ఉంది. ఆఖరి బస్సు దొరకలేదు. హిందూపురం మండీకి ఖాళీ గోతాలతో పోతున్న లారీని నాయన ఆపాడు. ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు, మేమిద్దరం గోతాల మీద. ఊరు దాటగానే వదిన తాడు పట్టుకుని లేచి నిలబడింది. జడ ఊడింది, కొంగు జెండాలా ఎగిరింది. చిన్నప్పటి కన్నడం పాట ఒకటి గొంతెత్తి అందుకుంది. నాయన తల బయటపెట్టి పైకి చూశాడు. కూర్చోమంటాడని అనుకున్నాను. కాసేపు అలాగే విని, తల లోపలికి తీసుకున్నాడు. వదిన పాడుతూనే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా, ఎన్నో ఏళ్ళుగా ఎండిన చేలల్లో, ప్రతి గుంటలోనూ ఎర్రటి ఆకాశం నిండి ఉంది.