పలకమామ కారు ఎందుకు కాగింది

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఉండదని నా గట్టి నమ్మకం. ఇరవై ఏళ్ల వయసు, ఐటీఐలో మోటార్ మెకానిక్ సర్టిఫికెట్, మార్కాపురంలో ఒక షెడ్డులో కొత్తగా దొరికిన పని. మనిషికి పొగరు తలకెక్కడానికి ఇంతకన్నా ఏం కావాలి? చేతులకు గ్రీజు అంటితే కడుక్కోకుండానే బజారుకు పోయేవాణ్ని, నలుగురూ చూస్తారని. (ఎవరూ చూడలేదు. టీ కొట్టు ఆయన మాత్రం గ్లాసు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు.) ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురైతే ముందొక మొట్టికాయ వేసి, ఆ తర్వాత దగ్గర కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.

మాది దొనకొండ వైపు పల్లె. తాత నాటి నుంచి గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. నేను మందకు పోనని, మోటార్లు నేర్చుకుంటానని మొండికేస్తే నాయన వారం రోజులు ఏమీ అనలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే, నేను పళ్లు తోముకుంటుండగా వచ్చి తీర్పు చెప్పాడు. "ఒక్క యేడు చూస్తా. మళ్లీ వానలు పడేనాటికి ఆ షెడ్డు మేస్త్రి తన నోటితో నిన్ను మెకానిక్ అంటే అక్కడే ఉండు. అనకుంటే వచ్చి కర్ర పట్టుకో." నోట్లో నురగ ఉండటం వల్ల నేను తల ఊపడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆ తల ఊపడమే ఒప్పందమైపోయింది.

మేస్త్రి మాటల పొదుపరి. పది నెలలు గడిచినా నన్ను "ఒరే" అనడం తప్ప మెకానిక్ అన్న పాపాన పోలేదు. ఎండాకాలం సగం గడిచాక షెడ్డుకు ఒక పాత అంబాసిడర్ వచ్చింది. పాల మీగడ రంగు, లోపల సీట్లకు చేత్తో కుట్టిన తెల్లగుడ్డ తొడుగులు, అద్దాల మీద మరక లేదు. దాని యజమానిని ఊరంతా పలకమామ అనేది. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, చీల్చి, నునుపు చేసి జీవితమంతా గడిపిన మనిషి. పిల్లలు పలకలు వాడటం తగ్గి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనకు మిగిలినవి రెండు: నైపుణ్యం, ఆ కారు. మూడోది నంద్యాలలో కాపురం ఉన్న కూతురు. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె నీళ్లోసుకుంది. ఏడో నెలలో పురుటికి ఇంటికి తీసుకురావాలి. బస్సులో ససేమిరా కాదు, తన కారులోనే తేవాలి. చిక్కేమిటంటే కారు గిద్దలూరు దాటి కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కేసరికి కుతకుత ఉడికిపోతోంది. నడి అడవిలో బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా కోతులను చూస్తూ నిలబడాల్సి వస్తోందట.

మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి నావైపు చూశాడు. "ఈ బండి నీది. నేను చెయ్యి పెట్టను" అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. వానలకు ఇంకా నెలన్నర ఉంది. ఈ కారు కాగకుండా ఘాటు దాటితే మేస్త్రి ఆ మాట అంటాడు, అనకపోతే నేను దొనకొండ దుమ్ములో గొర్రెల వెనక నడుస్తాను. అంతే లెక్క.

ఇక నా విజృంభణ చూడాలి. కుడికాలు బంపరు మీద పెట్టి, బానెట్లోకి నడుము దాకా దిగి (నా దృష్టిలో గొప్ప మెకానిక్కులు నిలబడే తీరు అదే), మొదట రేడియేటర్ మీద అనుమానపడ్డాను. ఇక్కడి బోరునీళ్లు పోస్తే వంటగిన్నెలకే సున్నం కడుతుంది, రేడియేటర్‌కు కట్టదా? విప్పి కడిగించాను. కారు అదే దారిలో ఘాటుకు ముందున్న కంభం దాకా తోలి తెచ్చాను, చల్లగా ఉంది. మామకు అప్పగించాను. ఆయన నంద్యాల పోతూ ఘాటులో కాగబెట్టుకుని తిరిగొచ్చాడు. రెండోసారి థర్మోస్టాట్‌ను అనుమానించాను. వేడికి తెరుచుకుంటుందో లేదో చూడాలంటే దాన్ని నీళ్లలో వేసి మరిగించాలి. షెడ్డులో పొయ్యి లేదు. టీ కొట్టు ఆయన అటు తిరిగినప్పుడు ఆయన గిన్నెలో వేశాను. అది బ్రహ్మాండంగా తెరుచుకుంది. ఆ మధ్యాహ్నం టీ తాగినవాళ్లు అల్లం కొత్తరకంగా ఉందన్నారు. నిజం బయటపడ్డాక నేను రెండు వారాలు వేరే వీధికి పోయి టీ తాగాల్సి వచ్చింది. తర్వాత ఫ్యాను బెల్టు మార్చాను, ఆ తర్వాత వాటర్ పంపు. చివరికి ఇంజన్ పైభాగమంతా విప్పి గ్యాస్‌కెట్ కూడా కొత్తది వేశాను. ప్రతిసారీ కంభం దాకా పోయి వస్తే చల్లగా ఉండేది. రేడియేటర్‌కు గాలి పోయే ముందరి గ్రిల్లు దగ్గర వార్తాపత్రిక కాగితం పెడితే ఫ్యాను దాన్ని లాగి అతికించుకునేది, అంటే గాలి కూడా బాగానే పోతోంది. ప్రతిసారీ మామ చేతికిచ్చేవాణ్ని, ప్రతిసారీ ఘాటులో కాగేది. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. "మళ్లీ కాగింది అల్లుడా" అని తనదే తప్పన్నట్టు నెమ్మదిగా చెప్పేవాడు. ఆ నెమ్మదే నన్ను నిద్రపోనివ్వలేదు.

కారుతో అంతసేపు గడిపిన నేను కారు యజమానితో రెండు మాటలు మాట్లాడలేదు. ఎప్పటినుంచి ఇట్లా అవుతోందని అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోదూ?

కూతురిని తీసుకురావాల్సిన రోజు వచ్చేసింది. మేస్త్రి నన్ను కూడా వెంట పొమ్మన్నాడు. తెల్లవారాక బయలుదేరాం. ఊరు దాటి అర మైలు పోయామో లేదో, మామ కారు పక్కకు తీసి ఆపాడు. దిగి, సీసాలో నీళ్లతో చేతులూ కాళ్లూ కడుక్కుని, డిక్కీలోంచి తువ్వాలులో చుట్టిన ఒక పెద్ద వస్తువు తీశాడు. నల్లటి పలక. గ్రిల్లు ఎంత ఉందో అంత. మధ్యలో చెన్నకేశవ స్వామి పేరు, చుట్టూ తీగలు, తామరపూలు, అన్నీ ఉలితో చెక్కినవి. అంత పలుచగా చీల్చిన రాయి మీద అంత లోతుగా ఎట్లా చెక్కాడో నాకు ఈనాటికీ అర్థం కాదు. కూతురు నీళ్లోసుకుందని తెలిసిన రోజే మొక్కుకున్నాడట, ప్రసవమయ్యేదాకా స్వామి తన బండికి ముందుండి నడపాలని. దాన్ని నాలుగు కొక్కేలతో గ్రిల్లుకు అంగుళం సందు లేకుండా బిగించాడు.

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. అప్పుడైనా నాకు తట్టిందా? తట్టలేదు. కొక్కేలు వదులుగా ఉన్నాయేమోనని నేనే ఒకటి గట్టిగా బిగించి, కళ్లకద్దుకుని, పోయి సీట్లో కూర్చున్నాను.

గిద్దలూరు దాకా ఇంజన్ వేడి చూపే ముల్లు కొంచెం కొంచెంగా జరిగింది. ఘాటు మొదలై మూడో మలుపు తిరిగేసరికి ఎర్రగీత మీద కూర్చుంది. ఆపాం. ఆవిరి. కోతులు వచ్చి వరసగా కూర్చున్నాయి, వాటికి మా కారు అలవాటే కాబోలు. నాకు ఏడుపొక్కటే తక్కువ. విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. చల్లారాక నీళ్లు పోసి, స్టార్ట్ చేసి, బానెట్ మూసి, ఏమీ తోచక అలవాటు కొద్దీ జేబులోంచి కాగితం తీసి గ్రిల్లు ముందు పెట్టాను. కాగితం స్వామి పేరు మీద ఒక క్షణం నిలిచి, జారి కింద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. గాలిని ఆపుతోంది పలకేనని అప్పటికి తట్టింది.

పలక తియ్యమని ఎట్లా చెప్పను? మొక్కు ఆయనది, చెయ్యి ఆయనది, బిడ్డ ఆయనది. అసలు షెడ్డుకు వచ్చినప్పుడల్లా ఇది ఎందుకు లేదని మాత్రం నోరు తెరిచి అడిగాను. ఆయన కొంచెం మొహమాటపడ్డాడు.

"నువ్వు ఏ బండికైనా బంపరు మీద కాలు పెట్టి వంగుతావు గదా అల్లుడా, దారిన పోతా చూసినా. నీ కాలు సామి పేరుకు తగిల్తే పాపం నీకు చుట్టుకుంటది. చిన్నోడివి. అందుకే వచ్చినప్పుడల్లా ఊరిబయట మలుపుకాడనే తీసి డిక్కీలో పెట్టి వచ్చినాను."

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నాలుగు నట్లు తక్కువగా ఒక ఇంజన్ మొత్తం విప్పి బిగించింది నేను, నాకు పాపం తగలకూడదని ప్రతిసారీ రాయి మోసింది ఆయన. ఆయన్ను గ్రిల్లు దగ్గరికి పిలిచి అన్నాను. "మామా, పలక వెనక చెయ్యి పెట్టి చూడు."

పెట్టి చటుక్కున తీసుకున్నాడు. రాయి పెనంలా కాలుతోంది. "సామికి ఇంతసేపూ వీపు కాల్తా ఉంది మామా. ముందర నిలబెట్టి మనం ఆయనకు గాలి ఆడనీలేదు, ఇంజనుకూ ఆడనీలేదు" అన్నాను. పలకమామ తువ్వాలు అడ్డం పెట్టుకుని నాలుగు కొక్కేలూ విప్పాడు. తర్వాత లెంపలు వేసుకుని, తడిగుడ్డతో పలకను తుడిచి, నన్ను వెనక సీట్లోకి పొమ్మన్నాడు. ముందు సీట్లో తువ్వాలు నాలుగు మడతలు వేసి స్వామిని కూర్చోబెట్టాడు. బండి నడిపే వాళ్ల పక్కన కూర్చున్నా ముందున్నట్టే లెక్కట. ముల్లు మధ్యలో నిలిచింది, నంద్యాల దాకా కదల్లేదు. తిరుగు ప్రయాణంలో ఆయన కూతురు వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. నేను ఒక మూల ముడుచుకుని, ఒళ్లో రెండు సారె బుట్టలు పెట్టుకుని, జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ కూర్చోలేదనుకున్నాను.

తొలకరికి ముందు నాయన షెడ్డుకు వచ్చాడు. మేస్త్రిని సూటిగా అడిగాడు. మేస్త్రి స్పానర్ తుడుచుకుంటూ, "మెకానికే. కాకుంటే రవ్వంత ఆలస్యం" అన్నాడు. నాయన ఆ ఆలస్యం సంగతేందో చెప్పమని కూర్చున్నాడు. అంతా విని, నావైపు తిరిగి, "గొర్రె మెయ్యకుంటే ముందు నోరు తెరిచి చూస్తారు రా, ముల్లు గుచ్చుకుందేమోనని. నువ్వు కడుపు కోసి చూసినావు" అని, నన్ను అక్కడే వదిలి ఒక్కడే బస్సెక్కి వెళ్లిపోయాడు. గెలిచిన రోజు ఆ మాట అన్నందుకు నాకు చాలా కోపం వచ్చింది. నెల రోజులు ఇంటికి పోలేదు.

ఇప్పుడు నాకే షెడ్డు ఉంది. ఏ బండి వచ్చినా ముందు యజమానిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎప్పటినుంచి, ఎక్కడ, ఏం మార్చారు అని అరగంట అడుగుతాను. ఇన్నేళ్లకు మొన్న పండక్కి పోయినప్పుడు నాయనతో అన్నాను, ఆనాడు నువ్వన్న మాటే నాకు ఇంత అన్నం పెడుతోందని. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, కాస్త ఆలోచించి, "నేను అట్ల అన్నానా?" అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని నెల రోజులు ఇంటిమీద అలిగానని చెప్తే, ఆ నెలలో రెండు గొర్రెలు ఈనాయనీ, ఆ హడావిడిలో నేను రాని సంగతే గమనించలేదనీ చెప్పాడు.