సున్నా కింద రెండు

శంషాబాద్‌లో, విమానాశ్రయానికి మందులు పంపే ఒక శీతల గోదాములో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఇన్సులిన్ పెట్టెలుండే గదిలో ఉష్ణోగ్రత రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. గదిలోని సెన్సర్ గంటకోసారి పంపే అంకెను బయట తెరమీద చూపించే ప్రోగ్రాము నాదే.

ఆ మధ్యాహ్నం లారీలోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. తెరమీద 2 అని ఉంది. గది తుడిచే అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడం, జర లోపలికి రాండ్రి. తడిబట్ట కట్టె లెక్క అయింది.”

“తెర మీద రెండే ఉందక్కా.”

“ఉండనీ. మీరే పట్టి చూడుండ్రి.”

పట్టుకుంటే బట్ట వంగలేదు. పరుగున వెనక్కి వచ్చి, సెన్సర్ నుంచి నేరుగా వస్తున్నదేమిటో తెరిచి చూశాను. 11111110. పొద్దున 2 వచ్చింది, ఆ తర్వాత వరుసగా అదే.

ఎనిమిది గళ్లు, ఒక్కోదానిలో ఒకటో సున్నానో. మామూలుగా లెక్కిస్తే అది 254. కానీ సున్నాకు దిగువ అంకెలూ చెప్పాల్సిన యంత్రాలు ఆ ఒకట్లు సున్నాల కూర్పుల్లో సగం మైనస్ అంకెలకే ఇచ్చేస్తాయి. అన్నీ ఒకట్లయితే మైనస్ ఒకటి. చివర సున్నా ఉన్న ఇది ఇంకొకటి తక్కువ, మైనస్ రెండు. సెన్సర్ నిజమే చెబుతోంది. నేనే దాన్ని 254గా చదివాను. అంత పెద్ద అంకె వస్తే వైరు చెడిందనుకుని చివరిగా వచ్చిన సరైన అంకెనే చూపించమని రాశాను. పరీక్షించిన రోజుల్లో గది ఒక్కసారీ సున్నా కిందికి దిగలేదు.

లారీ తలుపులు మూస్తున్నారు. దగ్గరుండి మూయిస్తున్న మేనేజర్‌కు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

“లారీ ఆపండి సార్. మందు గడ్డకట్టింది.”

“తెర మీద రెండుంది కదమ్మా! ఇప్పుడాపితే విమానం పోతది.”

“తెర తప్పు సార్. తప్పు నాది.”

ఆయన ఒక పెట్టె విప్పించాడు. సీసాలో మందు నీళ్లలా కదిలింది. రెండో పెట్టెలోనూ అంతే. మూడో పెట్టె గదిలో చల్లగాలి యంత్రం పక్కన ఉన్నది. అందులో సీసా తలకిందులు చేసినా మందు కదలలేదు. ఆయన ఆపమని డ్రైవర్ వైపు చెయ్యెత్తాడు.

సరుకంతా దించేశారు. ఒక్క పెట్టె కూడా బయటికి పోలేదు.

“గంత సదువుకున్నరు, గిట్లెట్ల అయింది మేడం?” అని అడిగింది అక్క. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

“సున్నా కిందికి పోతదని అనుకోలేదక్కా.”

మర్నాడు ప్రోగ్రాము సరిచేసి, చల్లదనం సున్నా కిందికి దిగేలా ఐసుముక్కల్లో ఉప్పు కలిపి, సెన్సర్‌ను ముంచి కూర్చున్నాను. తెరమీద అంకె ముందు మైనస్ గీత కనబడేదాకా లేవలేదు.