మా అత్తకి పడని మత్తు

మొన్న తెనాలిలో పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరితే, ఆపరేషన్‌కి ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. బీపీ, షుగరు, కదిలే పళ్లు అన్నీ అడిగాక, "మీవాళ్లలో మత్తుమందు పడనివాళ్లెవరైనా ఉన్నారా అండి?" అంది. ఉన్నారన్నాను, మా మేనత్త. నాలుగు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను గానీ, మా అత్త నాలుగు ముక్కల్లో ఇమిడే మనిషి కాదు.

నాన్నకి చెల్లెలు. నిజాంపట్నంలో పడవల దగ్గర చేపలు కొని రేపల్లె మార్కెట్లో అమ్మేది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. బేరమంతా ఆడి కొనకుండా పోయేవాళ్లని వీధి మలుపుదాకా మాటలతోనే సాగనంపేది. మావయ్య తాగుడికే పోయాడు. అప్పట్నుంచీ ఆవిడ ముందు కల్లు మాటెత్తడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ఒకసారి మార్కెట్లో ఐసు కరిగిన నేలమీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేను తెనాలిలో కుట్టుపని చేసుకునేదాన్ని కాబట్టి ఇక్కడే ఆపరేషన్ చేయించాం. ముక్కుమీద మాస్కు పెట్టి మత్తు పీల్పించారు, ఎముకకి ప్లేటు వేశారు. తర్వాత జ్వరం వచ్చింది, గాయం వల్లేలే అన్నారు, అదే తగ్గిపోయింది. ఈవిడ ఊరుకుంటేగా! చెయ్యి కుదరకుండానే గంప ఎత్తింది. ప్లేటు కదిలింది. కొద్ది వారాలకే మళ్లీ అదే బల్ల, అదే మత్తు. ఈసారి ఇంటికొచ్చాక జ్వరంతోపాటు తిండి వాసనంటేనే వికారం. చేపల వాసనలో పుట్టి పెరిగిన మనిషి పులుసు గిన్నె చూసి మొహం తిప్పుకుందంటే నాకు భయమేసింది. తెల్లారి చూస్తే కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగిన మొదటి మాట, "కల్లు అలవాటుందా అమ్మా?" తల ఎత్తలేని మనిషి మోచేతి మీద లేవబోయింది. "నా మొగుణ్ణి మింగిన దాన్ని నేను తాగుతానా బాబూ?" అంది. ఆయన తప్పు లేదు, ఆ పసుపు కళ్లు చూస్తే ఎవరైనా అడగాల్సిన మాటే. కానీ పక్కన నిలబడ్డ మా చుట్టం ఆ ప్రశ్న ఒక్కటే మోసుకుపోయాడు. అక్కణ్ణించి గుంటూరు పెద్దాసుపత్రికి పంపితే, మేం అక్కడికి చేరేలోపే రేపల్లెలో అత్త చాటుగా తాగుతుందన్న మాట చేరిపోయింది.

గుంటూరులో అత్త మాట తడబడింది, నన్ను చూసి నాన్న పేరు పెట్టి పిలిచింది. బతకదేమోననుకున్నాను. అక్కడి పెద్ద డాక్టరు రక్తపరీక్షలన్నీ చూసి, ఆపరేషన్లు ఎప్పుడెప్పుడు జరిగాయో నన్ను ఓపిగ్గా అడిగాడు. "హేలోథేన్ అని, పీల్పించే మత్తుమందమ్మా. చాలామందికి ఏమీ చెయ్యదు. ఎక్కడో ఒకరికి, అందులోనూ వెంటవెంటనే రెండోసారి ఇస్తే, ఒంట్లో రక్షణశక్తే లివర్ మీద తిరగబడుతుంది. దీనికి విరుగుడంటూ లేదు. కాచుకుని ఉండాలి," అన్నాడు. కాచుకున్నాం. అత్త తేరుకుంది. తేరుకోగానే ఆయన్ని పట్టుకుంది. "నేను తాగలేదని ఈ పిల్లకి చెప్తే సరిపోదండి. వార్డంతా వినపడేలా చెప్పండి." ఆయన నవ్వలేదు. నిలబడి, గట్టిగా, అందరికీ చెప్పాడు.

రేపల్లెకి పోగానే, కళ్లలో పసుపు ఇంకా పోకముందే, మార్కెట్లో తన చోట కూర్చుంది. ఇంకొన్నాళ్లు పడుకో అత్తా అని నేనంటే, "పడుకుంటే తాగి పడుకుందంటారు," అంది. కొనడానికొచ్చిన ప్రతి మనిషికీ చేపతోపాటు హేలోథేన్ కథ కూడా ఇచ్చింది. దాని పేరు ఆవిడ నోట్లో "ఆలుతేను" అయింది. మా చుట్టాన్ని చూసినప్పుడు మాత్రం ఇంకాస్త గొంతు పెంచేది.

చాలా ఏళ్లకి బాపట్లలో పెళ్లికెళ్లినప్పుడు, మోటారుసైకిలు తగిలి అత్తకి తుంటి విరిగింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి మత్తు డాక్టరుతో వాదన నడుస్తోంది.

"ఆ మందు ఇప్పుడు వాడట్లేదండి. కొత్తవి చాలా మంచివి."

"కొత్తవైనా దాని చుట్టాలేగా బాబూ? చుట్టాల సంగతి నాకు తెలుసు."

"ఆ మాటలో కొంచెం నిజముందండి," అన్నాడాయన. నడుములో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద మాత్రమే మొద్దుబార్చారు. బయట కూర్చున్న నాకు లోపల్నించి సుత్తి చప్పుడూ, దానికి పోటీగా అత్త గొంతూ వినపడ్డాయి. పండుగప్ప చేపని పులుసు పెట్టాలా వేపుడు చెయ్యాలా అని డాక్టరుకి పాఠం చెప్తోంది. కళ్లు మాత్రం తెల్లగానే ఉన్నాయి తర్వాత, రోజూ చూశాను.

ఆ హేలోథేన్ ఆపరేషన్ గదుల్లోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ గమనించలేదు. అత్త మాత్రం చేతికర్ర పక్కన పెట్టుకుని ఇంకా చాలాకాలం చేపలమ్మింది, అరుస్తూనే. కాలం ఎవరినీ వదలదంటారు గానీ, ఆ మందు ముందు వెళ్లాలా, తను ముందు వెళ్లాలా అన్న విషయంలో మా అత్తతో బేరమాడి అది ఓడిపోవడం నేను కళ్లారా చూశాను.