గోల్ కొట్టని ఫార్వర్డ్: సూర్ నుంచి మస్కట్ మంచు మైదానానికి

మా అక్క మస్కట్‌లో నర్సు. ఆమె కూతురు రూతు పదో తరగతి చదువుతోంది, మూడేళ్లుగా ఐస్ హాకీ ఆడుతోంది. ఒమన్‌లో మంచెక్కడిదని ఊళ్లో వాళ్లు ఫోన్లో అడిగినప్పుడల్లా అక్క మాల్ లోపలి రింకు ఫొటోలు పంపుతుంది. నేను మాత్రం ఒక్క ఆటా చూడలేదు. కిందటి వారం అక్కే ఫోన్ చేసింది. "ఒరేయ్ ఏసుపాదం, ఈ శుక్రవారం తప్పకుండా రారా. దుబాయ్ వెళ్లే జట్టుకి పేర్లు చదివేత్తారంట. ముందాడేవాళ్లలో ఒక్క చోటే మిగిలింది. అది దీనికి రాకపోతే మీ బావ ఆట మాన్పించేత్తానంటన్నారు" అంది. అందుకే బయల్దేరాను.

నేనుండే సూర్ నుంచి మస్కట్‌కి బస్సు ఉంది. కానీ శుక్రవారం పొద్దున్నే చేరాలంటే షేర్ టాక్సీ నయం. మనిషికి అయిదు రియాళ్లలోపే అడుగుతారు. ఆరు గంటలకు బండెక్కాను. కాళ్ల దగ్గర ఐసుపెట్టె, అందులో అక్క కోసం వంజరం చేప. దారిలో ఖురయ్యాత్ ఊరి దాకా ఒక పక్క సముద్రం, ఒక పక్క బోడి కొండలు. కెమెరా బయటికి తీసేవాళ్లు ఎడమ కిటికీ వదిలి కుడి కిటికీ పట్టుకోండి, సముద్రం అటే ఉంటుంది. డ్రైవరు సైఫ్ సూర్ మనిషే, మా ఐసు ఫ్యాక్టరీ ముందే బండి ఆపుకుంటాడు. పడవల వాళ్లకి ఐసు దిమ్మలు తీసే డ్యూటీ నాది. ఎక్కడికని హిందీలో అడిగితే, ఐసు మీద ఆడే ఆట చూడ్డానికన్నాను.

"వారమంతా ఐసు తీస్తావు, సెలవు రోజు డబ్బులు పెట్టుకుని మళ్లీ ఐసు చూడ్డానికెళ్తావా?" అన్నాడు. "మీ ముదీర్‌కి చెప్పకు. ఓవర్‌టైమ్ అడుగుతున్నావనుకుంటాడు." ముదీర్ అంటే మేనేజరు. బండిలో ఉన్న అందరూ నవ్వారు.

దార్సైట్‌లో అక్కావాళ్ల ఫ్లాట్‌కి ఎనిమిదిన్నరకి చేరాను. ఇక్కడ మన తెలుగు క్రైస్తవుల ఆరాధన ఆదివారం కాదు, శుక్రవారమే. సెలవు ఆ రోజే కాబట్టి. కిందటి శుక్రవారం అక్క సహవాసంలో, అంటే ఆ ఆరాధన కూడికలో, లేచి నిలబడి కూతురి ఆట గురించి ప్రార్థన కోరిందట. ఆ విషయం నాకు ఆ పొద్దున వాళ్లతో ఆరాధనకి వెళ్లాకే తెలిసింది. అక్కతో పాటు పనిచేసే సుగుణమ్మగారు అందరిలోకీ గట్టిగా ప్రార్థన చేశారు. "ప్రభువా, మా రూతమ్మ చేత మూడు గోల్స్ కొట్టించు తండ్రీ" అన్నారు. రూతు తల వంచుకుని నన్ను మోచేత్తో పొడిచి, "మావయ్యా, నేను కొట్టేది తక్కువ. ఈవిడకి ఎవరైనా చెప్పండి" అంది. ఎవరూ చెప్పలేదు. అన్నాలు తిన్నాక బావ చెప్పాల్సింది చెప్పేశాడు. "ఇయ్యాల నీ పేరు వత్తే సరే. రాకపోతే ఆ స్కేట్లు మంచం కింద పెట్టి పుస్తకాలు తియ్యి." రూతు సరేనంది. వాదించలేదు.

దార్సైట్ నుంచి రింకుకి బావ కారులో అరగంట. చూసేవాళ్లకి టిక్కెట్టు లేదు. సహవాసం నుంచి పదిమంది దాకా వచ్చారు. అందరూ బయటి ఎండకి తగ్గట్టు నూలు చీరలు, పొట్టి చేతుల చొక్కాలు, చెప్పులు. ఈ దేశంలో స్వెటర్ కొనే అవసరం ఎవరికొచ్చింది? ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే నేను కూడా లోపల చలి ఉంటుందన్న మాట గుర్తుపెట్టుకోలేదు. కాసేపటికే సుగుణమ్మగారు కొంగు తలకి చుట్టి, "ఇదేం చలమ్మా, శవాల గదిలో డ్యూటీ కూడా ఇంతకన్నా నయం" అన్నారు.

ఆట అబుదాబి నుంచి వచ్చిన పిల్లలతో. నల్లటి రబ్బరు బిళ్లని కర్రతో కొట్టి గోల్లోకి పంపాలి. దాన్ని పక్ అంటారు. నిమిషం కూడా ఆడకముందే పిల్లలు బెంచీ మీదికి వచ్చేస్తారు, వేరేవాళ్లు దిగుతారు. ముందాడేవాళ్లలో, అంటే ఫార్వర్డుల్లో, మైసా అనే ఒమనీ పిల్లకి, డానీ అనే పొడుగు కుర్రాడికి చోటు ఖాయం. మిగిలిన చోటుకి పోటీ రూతుకీ, అర్జున్ అనే మలయాళీ అబ్బాయికీ. అర్జున్ వేగం చూసి తీరాల్సిందే. పక్ కర్రకి అతుక్కున్నట్టే ఉంటుంది, దెబ్బ కొడితే గోల్ కాసేవాడు కదిలేలోపు వల ఊగుతుంది. మొదటి భాగంలోనే ఒక గోల్ కొట్టాడు. రూతు అంత చురుకు కాదు. అర్జున్ పక్ పోగొట్టుకుంటే కర్ర మీద వాలి జారుకుంటూ వస్తాడు. రూతు పోగొట్టుకుంటే మరుక్షణం వెనక్కి తిరిగి సొంత గోల్ దాకా పరిగెత్తుతుంది. మా ఊళ్లో చెడుగుడు ఆడేటప్పుడు కూతకెళ్లి వచ్చినవాడు చెమట తుడుచుకోకుండా పట్టుకి నిలబడేవాడు. అది గుర్తొచ్చింది. అయినా చోటు గోల్స్ కొట్టినవాడిదే అనుకున్నాను.

రెండో భాగంలో ఒక పొరపాటు జరిగింది. సహవాసంవాళ్లు అప్పటిదాకా కుడివైపు వల మీదే చూపు నిలిపి ప్రార్థన చేసుకుంటున్నారు. అందులో పక్ పడగానే పదిమందీ లేచి "స్తోత్రం, స్తోత్రం" అని చప్పట్లు కొట్టారు. ఒక్కో భాగానికీ జట్లు వైపులు మారతాయని ఎవరికీ తెలీదు. అది మన మీద పడిన గోల్. బెంచీ మీద కూర్చున్న రూతు హెల్మెట్ పట్టుకుని మా వైపు చూసింది. "కూర్చోండి తల్లీ, అది వాళ్లది" అని ముందు వరసలో ఉన్న ఒక తెలుగాయన చెప్పాల్సి వచ్చింది. ఇంకాసేపటికి మన మీద మరొకటి పడింది. ఈసారి ఎవరూ కదల్లేదు. మైసా ఒకటి కొట్టి సమం చేసింది.

మూడో భాగంలో రూతు మన గోల్ దగ్గరే ఒకడి కర్ర కింది నుంచి పక్ లాక్కుని అర్జున్‌కి అందించింది. అతను రెండో గోల్ కొట్టాడు. ఆఖర్లో అవతలివాళ్లు గట్టిగా కొట్టిన దెబ్బకి అడ్డంపడి కాలితో ఆపింది. ఆట మనవాళ్లే గెలిచారు. అర్జున్‌వి రెండు, మైసాది ఒకటి, రూతుది ఒక్కటీ లేదు. బావ అప్పటికే లేచి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

కోచ్ హమద్ పేర్లు చదివాడు. మైసా, డానీ, రూతు.

అక్క ఆగలేక అతని దగ్గరికెళ్లింది. "సార్, మా అమ్మాయి గోల్ కొట్టలేదు కదా?" అని హిందీలో అడిగింది. అతను నవ్వలేదు. "నిజమే, అర్జున్ దెబ్బ మా అందరిలోకీ మంచిది. వెనక్కి రావడం నేర్చుకుంటే వాణ్ని ఎవరూ ఆపలేరు, అదే వాడికీ చెప్పాను. కానీ మన మీద పడిన రెండు గోల్సూ ఎప్పుడు పడ్డాయి? రెండుసార్లూ మీ అమ్మాయి బెంచీ మీద ఉంది" అన్నాడు.

బావ రూతు సంచీ తనే భుజానికెత్తుకుని నడిచాడు. అది ఎప్పుడూ పిల్లే మోసుకునేదట. అక్క మాత్రం వేరే చిక్కులో పడింది. "వచ్చే వారం సహవాసంలో ప్రార్థన ఫలించిందని సాక్ష్యం చెప్పాలి. మూడు గోల్స్ అడిగేం. ఇప్పుడు ఏం చెప్పనే?"

"నేనున్నప్పుడు ఒక్కటీ పడలేదని చెప్పమ్మా" అంది రూతు.

"అలాగే చెప్తాం" అన్నారు సుగుణమ్మగారు, పళ్లు టకటకలాడుతుండగానే.

ఆ సాయంత్రం బండిలో తిరిగొస్తూ సైఫ్‌కి ఇదంతా చెప్పాను. నేను ఎవరి గురించీ గొప్పగా చెప్పుకునే మనిషిని కాదు. ఆ రోజు మాత్రం ఖురయ్యాత్ దాటేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. గోల్ పడ్డప్పుడు చప్పట్లు కొట్టడం అందరికీ తెలుసు. పడకుండా పోయిన గోల్ కంటికి కనపడదు, దానికి చప్పట్లూ ఉండవు. మా పిల్ల మూడేళ్లు ఆ పనే చేసుకుంటూ వచ్చింది, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. దాన్ని చూసిన మనిషి ఒకడున్నాడు, అది చాలు.

మీరూ పిల్లల ఆట చూడ్డానికి వెళ్తుంటే, బయట ఎంత ఎండున్నా స్వెటరూ మేజోళ్లూ పట్టుకెళ్లండి. ప్రతి భాగం మొదలయ్యే ముందు మనవాళ్ల వల ఎటు వైపుందో పక్కవాళ్లని అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే చప్పట్లు కొట్టండి.