పేరులేని విస్తరి

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కోండి, చిక్కుడుకాయలు ఉన్నాయి, చేతులు ఊరికే ఉంచుకోకుండా ఈనెలు తీస్తూ వినండి. చేతులకు పని ఉంటే చెవులు బాగా పనిచేస్తాయని మా అత్త అనేది. ఇది మా ఇంటిపేరు కథ. ఆ ఇంటిపేరు ఒక పెళ్లిని ఎట్లా ఆపిందో, మళ్లీ ఎట్లా నిలబెట్టిందో చెబుతాను.

మా ఇంటిపేరు గుమ్మి మీద వచ్చింది. గుమ్మి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పుల్లలతో పెద్ద బుట్టలా అల్లి, మన్నూ పేడా కలిపి మెత్తి, జొన్నలు పోసుకునేది. మనిషి నిలబడితే తల మాత్రమే కనిపించేంత ఎత్తు ఉండేది. మమ్మల్ని ఊళ్లో గుమ్మోళ్లు అనేవారు. ఆ పేరు ఎట్లా వచ్చిందో మా ఆయన చెబితే వినాలి. ఎప్పుడో పెద్ద కరువు వచ్చిందట. ఊరంతా చింతగింజలు ఉడకబెట్టుకుని తింటుంటే, మా పెద్దాయన ఒకడు తన గుమ్మికి కింద రంధ్రం పొడిచి, "ఎవరికి ఎంత కావాల్నో పట్టుకపోండ్రి" అన్నాడట. గింజలు అయిపోయేదాకా ఆ రంధ్రం మూయలేదట. ఈ కథ చెప్పేటప్పుడు మా ఆయన నడుము నిటారుగా అయ్యేది. చేవెళ్ల మార్కెట్‌కు టమాటాలు తీసుకుపోయినా, బస్సులో పక్కన కూర్చున్నవాడికి ఈ కథ చెప్పకుండా దిగేవాడు కాదు.

మొయినాబాద్ దిక్కు పొలాలకు గోడలు లేచి, కనకమామిడిలో పట్నంవాళ్ల ఫాంహౌస్‌లు పుట్టుకొస్తున్న రోజులవి. అటు హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. నా కొడుకు కూతురు కంప్యూటర్ చదువు చదివి అక్కడే ఒక కంపెనీలో చేరింది. పొద్దున్నే మొయినాబాద్ చౌరస్తాకు కంపెనీ బస్సు వచ్చేది. చేరేముందు నింపాల్సిన కాగితాలు ముందేసుకుని ఒక రోజు విసుక్కుంది.

"తాతా, పేరు ముంగట ఒక్క అక్షరం రాస్తే తీస్కుంటలేదు. ఇంటిపేరు పూర్తిగ కావాల్నంట."

"రాయి బిడ్డా, నిండుగ రాయి. సిగ్గుపడేటి పేరా మనది?" అన్నాడు మా ఆయన.

అట్లా మా ఇంటిపేరు మొదటిసారి పూర్తిగా అచ్చయి, దాని మెడలో కార్డు మీద వేలాడింది. అదే దాని కొంప ముంచింది. ఆఫీసు క్యాంటీన్‌లో ఒక పిల్లవాడు ఆ కార్డు చూసి ఆగాడట. తన కార్డు తిప్పి చూపించాడట. అదే ఇంటిపేరు.

"మీదే ఊరు?"

"చేవెళ్ల పక్కన. మీది?"

"తాండూరు దిక్కు. అయితే మనం పాలోళ్లం. ఇగ పప్పుల నెయ్యి నీ వాటా కూడ నాకే."

పాలోళ్లంటే ఒకే ఇంటి కొమ్మలు, అన్నదమ్ముల బిడ్డలు. ఎంత దూరం వెళ్లినా ఒక ఇంటిపేరువాళ్ల మధ్య పెళ్లి మాట ఉండదు. అందుకే ఆ ఇద్దరూ భయం లేకుండా మాట్లాడుకున్నారు. జంటగా కూర్చుని తిన్నారు. ఎవరైనా అడిగితే చుట్టాలమన్నారు. వేరే ఇంటిపేరు పిల్లవాడైతే నా మనవరాలు నాలుగు మాటలకే లేచి వచ్చేసేది. ఇంటిపేరు కంచెలా ఉందని ధైర్యపడి, ఆ కంచె పక్కనే రోజూ కూర్చున్నారు. ఏడాది తిరిగేసరికి కంచె ఉన్నట్టే మరిచిపోయారు.

ఒక ఆదివారం అది ల్యాప్‌టాప్ తెచ్చి మా ముందు పెట్టింది. ప్రపంచ పటం. మన ఇంటిపేరువాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో ఎర్రచుక్కలు పెట్టి చూపిస్తుందట. చేవెళ్ల దగ్గర చిక్కగా ఉన్నాయి. తాండూరు దగ్గర కొన్ని, గుల్బర్గా దిక్కు కొన్ని, బొంబాయిలో, దుబాయిలో, సముద్రాల అవతల ఒకటీ అరా. మా ఆయన అద్దాలు పెట్టుకుని ఒక్కో చుక్క మీద వేలు పెట్టి చూశాడు.

"చూసినవానే? మా తాత పొడిచిన గుమ్మిల నుంచి గింజలు ఏడిదాక పడ్డయో."

మనవరాలు నవ్వలేదు. దాని వేలు మాత్రం తాండూరు చుక్క దగ్గరే ఉంది. నేను చూశాను.

మరునాడు పొద్దున ఇద్దరం చామంతులు తెంపుతున్నాం. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఆటో వచ్చేలోపు గంపలు నింపాలి. అది వంగినమనిషి వంగినట్టే అడిగింది.

"అవ్వా, ఒక్కటే ఇంటిపేరోళ్లు పెండ్లి చేస్కుంటే ఏమైతది?"

"ఏమైతది? వచ్చినోన్ని కొడుకా అనాల్నో అల్లుడా అనాల్నో తెల్వక మేము చస్తం."

నవ్వుతుందని అన్నాను. అది గంప పక్కన కూర్చుండిపోయింది. చామంతి రేకులు ఒక్కొక్కటే తుంపుతూ అంతా చెప్పింది. విన్నాక నేను గంపలో పూలు సర్దినట్టు చేస్తూ ఉండిపోయాను. నా లోపల ఒక పాత మాట కదిలింది. కానీ అది చెప్పకూడదని మాట ఇచ్చినది.

సంగతి మా ఆయనకు చేరింది. "చెల్లెను ఎవడన్న చేస్కుంటడా?" అన్నాడు, అంతే. అయినా పిల్లవాడు ఊరుకోలేదు. తన తాతను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తాత మంచి మాటకారి, మా ఆయన ఈడువాడే. ఇంటిపేరు ఒకటైనా మనుషులు వేరని చెప్పి ఒప్పిద్దామని వచ్చాడు పాపం. కానీ జొన్నరొట్టె తింటూ, దగ్గరితనం పెంచుకుందామని తన ఇంటి కథ ఎత్తుకున్నాడు.

"మా పెద్దోళ్లు మీ దిక్కు నుంచే వచ్చిండ్రంట అన్నా. కరువుల గుమ్మి పొడిచి ఊరికి గింజలు పెట్టినాయన ఉండెనంట. ఆయన తమ్ముడు బండి కట్టుకోని తాండూరు దిక్కు వచ్చిండు. ఎందుకొచ్చిండో మాకు తెల్వదు. ఆయన సంది మేము."

తర్వాత తన తాతల పేర్లు ఒకటి వెంట ఒకటి చెప్పాడు. నేను రొట్టె వేస్తూ వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాను.

మా ఆయన లేచి వెళ్లి ఆయన్ను కౌగిలించుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తమ్మీ, గింత దగ్గరోనివా నువ్వు," అని ఇంకో రొట్టె తానే తుంచి పెట్టాడు. మనవరాలి ముఖం వెలిగింది. చెయ్యి కడుక్కున్నాక మా ఆయన నెమ్మదిగా అన్నాడు.

"ఇంతవరకు నాకు జర అనుమానం ఉండె, ఏమన్న వేరే ఇల్లేమోనని. ఇప్పుడు అనుమానం లేదు తమ్మీ. మనది ఒక్కటే నెత్తురు. ఇగ ఆ మాట ఎత్తకుండ్రి."

వచ్చిన ఆయన తన నోటితోనే తలుపు మూసుకున్నానని అప్పుడు తెలుసుకున్నాడు. పిల్లవాడు బయట చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. ఆ వారంలోనే మనవరాలు బెంగళూరు ఆఫీసుకు మార్చమని రాసి ఇచ్చింది. "ఆడికి పోతే ఒకరికొకరం కనబడకుంట ఉంటం అవ్వా," అంది. అన్నం ముందు కూర్చునేది, కలిపేది, లేచేది.

ఇప్పుడు నాకు తెలిసినది చెప్పాలి. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడాది పెత్తరమాస వచ్చింది. చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య అది. మోదుగాకు విస్తర్లు వరుసగా వేసి, ఒక్కోదానిలో బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు పెడతాం. ఇంటి మొగవాడు ఒక్కో పెద్ద పేరు చెప్పి నీళ్లు వదిలితే, అయ్యగారు తీసుకుంటాడు. మా అత్త ఎప్పుడూ చివర, గడప దగ్గర, ఒక విస్తరి ఎక్కువ వేసేది. దానికి పేరు చెప్పేవారు కాదు. మా మామ అడిగితే "దారిన పోయిన పెద్దలకు" అనేది.

ఆ సాయంత్రం ఇద్దరమే బతుకమ్మకు తంగేడుపూలు విడదీస్తుండగా నేను అడిగాను. అత్త చుట్టూ చూసి చెప్పింది.

"గుమ్మి పొడిచినాయనకు కొడుకుల్లేరు బిడ్డా. ఒక్కతే బిడ్డ. ఆ కరువుల షాబాద్ దిక్కు నుంచి ఒకడు ఆకలితోని వచ్చిండు. ఊరికెనే గింజలు తీస్కోను, పని చెప్పుండ్రి అన్నడంట. పలిగిన గుమ్మికి మన్ను మెత్తిండు. బిడ్డనిచ్చి ఇల్లరికం పెట్టుకున్నరు. పరాయోనికి ఇల్లిచ్చినవని తమ్ముడు అలిగి బండి కట్టిండు. మనమంత ఆ ఆకలితోని వచ్చినాయన పిల్లలం. పేరే గుమ్మాయనది. ఈ విస్తరి ఆ వచ్చినాయనది."

"మరి ఆయన పేరు?"

"తెల్వదు. ఇల్లరికపోని పేరు ఎవరు దాస్తరు? నువ్వు గూడ షాబాద్ దిక్కుదానివని చెప్తున్న. నీ కోడలికి చెప్పు. మొగోళ్లకు చెప్పకు. వాళ్ల మీసాలు కిందికైతయి."

సరేనన్నాను. మా అత్త పోయాక ఆ విస్తరి నేను వేస్తూ వచ్చాను. ప్రతి ఏడూ మా ఆయన "ఎవరికే?" అనేవాడు, నేను "దారిన పోయిన పెద్దలకు" అనేదాన్ని. ఆయన గుమ్మి కథ చెబుతుంటే పక్కన కూర్చుని ఊఁ కొట్టేదాన్ని.

ఆ ఏడు పెత్తరమాస వచ్చేసరికి మనవరాలికి బెంగళూరు కాగితం వచ్చేసింది. సంచి సర్దుకుంటోంది. నేను విస్తర్లు వేశాను. మా ఆయన స్నానం చేసి చెంబు పట్టుకుని పేర్లు చెబుతూ చివరిదాకా వచ్చాడు. అయ్యగారు చెయ్యి చాపాడు. అలవాటుగా మా ఆయన "ఎవరికే?" అన్నాడు.

చిన్నప్పుడు ఊరు నడిబొడ్డున బొడ్రాయి ముందు అబద్ధం ఆడినప్పుడు కూడా నా గుండె అంత కొట్టుకోలేదు. "అత్తా, నన్ను మన్నించు" అనుకుని, అత్త చెప్పిన మాటలే, అదే వరుసలో చెప్పాను. నా కొడుకూ కోడలూ వాకిట్లో నిలబడిపోయారు. మనవరాలు సంచి వదిలి వచ్చింది.

మా ఆయన చెంబు పట్టుకునే నా వైపు తిరిగి అన్నాడు. "అంటే మేము పెట్టినోళ్లం గాదు. తిన్నోళ్లం."

"ఊకె తినలే. మన్ను మెత్తి తిన్నడు."

"నీకెప్పటి సంది తెలుసు?"

"పెండ్లయిన ఏడాది సంది."

"గిన్నేండ్లు నన్ను పిచ్చోన్ని చేసినవానే?"

"నువ్వు ఆ కథ మంచిగ చెప్తవు. అడ్డం రాబుద్ధి కాలే."

అయ్యగారు దగ్గాడు. ఆయనకు ఇంకా నాలుగిళ్లు తిరిగేది ఉంది. నేను ఇంకో మాట అనేశాను, ఇక దాచేది ఏముందని. "ఆ తాండూరాయన తాతల పేర్లు నేను లెక్కవెట్టిన. తమ్ముని దిక్కు ఎన్ని తరాలో మన దిక్కు గన్నే తరాలు. మనం ఆడబిడ్డ సంతానం, వాళ్లు మొగోని సంతానం. అన్నదమ్ములం గాదు. బావ బామ్మర్దుల వరస."

మా ఆయన చెంబు కింద పెట్టాడు. వంగి, గడప దగ్గరి విస్తరిని రెండు చేతులతో ఎత్తి, తెచ్చి, వరుసలో అన్నిటికంటే ముందు పెట్టాడు. మొదట గుమ్మాయన విస్తరి ఉండేది, అది రెండోది అయింది. పేరు లేదు కదా, ఏమని వదులుతాడా అని చూస్తున్నాను. చెంబు అందుకుని వంచి, "ఆకలితోని వచ్చి మమ్ముల నిలవెట్టినాయనకు," అన్నాడు.

అన్నాలు అయ్యాక, "ఆ తాండూరాయన నంబర్ ఉన్నదా?" అని మనవరాలిని అడిగాడు. ఫోన్ కలిపి ఇచ్చింది. అవతల గొంతు వినబడగానే మా ఆయన అన్నాడు.

"బావా, మంచిగున్నవా?"

అవతల ఆయన "ఎవరు?" అని రెండుసార్లు అడిగాడు. తమ్మీ అన్నవాడు ఇప్పుడు బావా అంటే ఎవరికైనా అంతే. మా ఆయన మళ్లీ అన్నాడు. "తమ్మీ అన్నది వాపస్ తీస్కుంటున్న. ఎల్లుండి రాండ్రి. కూసోని చెప్త. మీ పెద్దాయన బండి ఎందుకు కట్టిండో గూడ చెప్త."

మనవరాలు నా ఒళ్లో తల పెట్టింది. ఏడుస్తోందో నవ్వుతోందో చీర తడిసేదాకా నాకు తెలియలేదు.

చేవెళ్లలో లగ్గం కార్డులు అచ్చువేసే అతను ఫోన్ చేసి, రెండు దిక్కులా ఒకే ఇంటిపేరు పడింది, తప్పేమో చూసుకోమన్నాడు. "తప్పుగాదు. వేయి," అన్నాడు మా ఆయన. ఒకరోజు మళ్లీ ఆ పటం తెరిపించుకుని చుక్కలన్నీ చూశాడు. ఈసారి వేలు పెట్టలేదు. "ఇండ్ల పెట్టినోళ్లెవరో తిన్నోళ్లెవరో ఎట్ల తెలుస్తది బిడ్డా?" అని అడిగాడు. దానికి ఆ యంత్రంలో జవాబు లేదని మనవరాలు చెప్పింది. ఆ తర్వాత బస్సులో ఆయన గుమ్మి కథ చెప్పడం మానలేదు. ఇంకొంచెం పొడుగు చేశాడు, అంతే. మేము దిగాల్సిన స్టాపు ఇప్పటికి రెండుసార్లు దాటిపోయాం.

చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి. లేవండి ఇక. మీ ఇంట గింజ తరగకుండా ఉండాలి. ఆకలితో ఎవరైనా వస్తే మీ చెయ్యి ముందుకు రావాలి. మీ పెద్దల వరుసలో పేరు మరిచిపోయినవాళ్లు ఎవరున్నా, వాళ్ల చల్లని చూపు మీ పిల్లల మీద, మీ పిల్లల పిల్లల మీద ఉండాలి.