మేకపోతును ఎవరు గెలిచారు?

ఒడిశాలోని మా సుందర్‌గఢ్ ఊళ్లలో హాకీ గెలిస్తే కప్పు ఇవ్వరు, మేకపోతునిస్తారు. ఆ సాయంత్రమే కోసి ఊరంతా తింటాం. దిగిన పదకొండు మందే ఆఖరిదాకా ఆడాలి, మధ్యలో మార్పుల్లేవు.

ఒక ఫైనల్లో మా జట్టు పిల్ల, పదిహేనేళ్ల అసుంతా కుల్లు కణతకి ఎదుటి జట్టు పిల్ల మోచేయి తగిలింది. పడింది, లేచింది, గెలుపు గోలూ తనే కొట్టింది. విందులో మాత్రం తూలుతూ వెళ్లి గోడ పక్కన వాంతి చేసుకుంది.

"హండియా ఎక్కువైందిరోయ్!" అని ఒకటే నవ్వులు. బియ్యం పులియబెట్టిన ఆ కల్లు మా పండగల్లో పిల్లలూ రుచి చూస్తారు, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ జట్టు కోచ్‌ని నేను. అందరికంటే గట్టిగా నవ్విందీ నేనే.

కాసేపటికి ఆకుదొప్పలో మాంసంతో వచ్చి నా పక్కన కూర్చుంది. "దీదీ, మేకపోతును ఎవరు గెలిచారు?"

గెలుపు గోలు కొట్టిన పిల్లే అలా అడిగేసరికి, ముద్ద వదిలేసి ఆ రాత్రే రూర్కెలా ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"మెదడు అదిరింది," అన్నాడు రూర్కెలా డాక్టరు. "స్కాన్ బాగుందని మోసపోకండి. ముందు విశ్రాంతి, తర్వాత నడక, పరుగు, చివరికి ఆట. నొప్పి తిరగబెడితే ఒక మెట్టు దిగాలి."

మూడు వారాల్లో రాష్ట్ర క్రీడా హాస్టల్ ఎంపికలు. దానికోసమే ఆ పిల్ల నాలుగేళ్లుగా చెమటోడ్చింది. ఇప్పుడేమో వెలుతురు గిట్టదు, పాఠం తలకెక్కదు, తల్లి పలకరిస్తే కసురుతుంది. పద్దెనిమిదో రోజు కర్ర పట్టుకుని వచ్చింది.

"నొప్పి లేదు దీదీ, ఒట్టు."

ఒక చుట్టు పరిగెత్తించాను. "కళ్లెందుకే చికిలిస్తున్నావు?"

"ఎండ."

"మబ్బు పట్టింది కదే పిచ్చిదానా!"

కర్ర నా కాళ్ల దగ్గర విసిరికొట్టింది. "ఆ రోజు నవ్వావుగా! ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది నీకీ భయం?"

కర్ర తీసుకెళ్లి మా ఇంట్లో దాచేశాను. ఎంపికలకూ తీసుకెళ్లలేదు. ఆరో వారానికి తలనొప్పి వదిలింది. మెట్టు మెట్టుగా, రెండుసార్లు కిందికి దిగి, చలికాలానికి మళ్లీ ఆటలోకి వచ్చింది.

మొన్నటి ఫైనల్లో బంతి అసుంతా దగ్గరే ఉంది, ఎదురుగా ఖాళీ గోలు. వెనక ఎదుటి జట్టు పిల్ల ఒకతి తల నేలకు కొట్టుకుని, లేచి తూలింది. జనం నవ్వారు. అసుంతా బంతి వదిలేసి వెనక్కి పరిగెత్తింది.

"ఎన్ని గోల్సయ్యాయే?"

ఆ పిల్ల తెల్లమొహం వేసింది. అసుంతా ఆమె చెయ్యి పట్టుకుని గీత బయటికి నడిపించింది. ఈలోపు ఎదుటి జట్టువాళ్లు బంతి అందుకుని గోలు కొట్టేశారు.

"వదిలెయ్యవే, హండియా తాగొచ్చింది అది!" అని అరిచాడు వాళ్ల కోచ్.

"మా దీదీ కూడా అలాగే అనుకుంది," అంది అసుంతా. "ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి."

సిగ్గుతో తల వంచుకున్నాను, గర్వంతో వెంటనే ఎత్తుకున్నాను. మేకపోతు వాళ్లకే పోయింది. రాబోయే ఎంపికలకు అసుంతా పేరు ఆ సాయంత్రమే రాసి పంపాను.